నివేదికలో కానరాని మృగములు

కోరుకొండ నరసింహస్వామి కొండ మెట్లెక్కి చూచినవారికి చుట్టును మెట్ట చేలు, తోపులు, చెరువులు, చిన్న గుట్టలు కానవచ్చును. ఇట్టి గుట్టను రాతి కొఱకు త్రవ్వవలెనన్నచో, విస్తీర్ణమెంత చిన్నదైనను పర్యావరణ అనుమతి ఉండవలెనని సుప్రీం కోర్టు 2012 ఫిబ్రవరిలో ఆదేశించినది. పెద్ద త్రవ్వకములకు పర్యావరణ ప్రభావ నివేదిక కూడ వ్రాయింతురు. అందు వన్యప్రాణులను గూర్చి ఒక అధ్యాయముండును. పంచాయతీ సభ్యులు చదువక విడువరాని అధ్యాయమది యని మా అభిప్రాయము.

దానిని వ్రాయువారు పగటివేళ నాలుగు దినములు తిరిగి, కనబడిన పిట్టలను లెక్కించి పోయినచో ఏమి తేలును? ముళ్ళపంది, పునుగుపిల్లి, గుడ్లగూబ రాత్రి సంచారులు. 2024 సెప్టెంబరులో రాజమహేంద్రవరము చెంత లాలాచెరువు దూరదర్శన్ కేంద్రము వద్ద సి.సి. కెమెరాకు చిక్కువఱకు, అచ్చట చిఱుత తిరుగుచున్నదని పట్టణవాసులలో ఎందఱెఱుగుదురు? అటవీ శాఖవారు దివాన్‌చెరువు అడవిలో ట్రాప్ కెమెరాలు అమర్చి దాని రాకపోకలు కనిపెట్టిరి. అదే నెలలో అది కడియపులంక నర్సరీలలో కానవచ్చినది.

ఈ ట్రాప్ కెమెరాను చెట్టునకు ఇంచుమించు మోకాలి ఎత్తున కట్టుదురు. ఎదుట వెచ్చని శరీరము కదలినంతనే అది తనంతట ఫోటో తీసి, తేదీని, వేళను అందు ముద్రించును. రాత్రివేళ పరారుణ కాంతితో పనిచేయును. ఒక చిఱుత మచ్చలు మఱియొకదానికి ఉండవు. కుడి ప్రక్క మచ్చలు ఎడమ ప్రక్కకు సరిపోవు. కావున దారికి ఇరువైపుల ఎదురెదురుగా రెండు కెమెరాలు పెట్టుదురు. లేనిచో ఒక్క చిఱుతనే రెండుగా లెక్కింపవచ్చును. కప్పలకు, గబ్బిలములకు, గుడ్లగూబలకు ధ్వనిని పట్టు యంత్రములు వేఱుగా కలవు.

అయితే యంత్రమును నమ్ముటలోను మెలకువ వలయును. నీటిదారిని విడిచి ఎండిన బోడిగుట్టపై కట్టిన కెమెరాకు ఏమి చిక్కును? ఫోటో లేనంత మాత్రమున జంతువు లేదనుటకు వీలులేదు. మేకల కాపరి నడిగి కట్టవలసిన వస్తువది! మఱియు గనుల నివేదికలకు సాధారణముగా వానకాలము గాక మఱియొక్క ఋతువు లెక్కలే సేకరింతురు. వానలకు బయలుదేరు కప్పలు, అప్పుడు గూళ్ళు కట్టు కొంగలు ఆ లెక్కకు అందవు.

2006 నాటి కేంద్ర నోటిఫికేషను ప్రకారము ప్రజాభిప్రాయ సేకరణ సభకు కనీసము 30 దినములు ముందుగా ప్రకటన వెలువడవలెను. నివేదిక సారాంశమును తెలుగులో నీయవలెను. ఆ 30 దినములలో సభ్యులు కాపరులను, గీత కార్మికులను పిలిచి, ఏ జంతువు ఏ దారిన నీటికి వచ్చునో వ్రాసికొనవలెను. సభలో అడుగవలసినది ఇది: కెమెరాలెన్ని, ఏయే చోట్ల, ఎన్ని రాత్రులు, ఏ నెలలో? చిఱుత 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదటి షెడ్యూలులోనిది; అది కలదని తేలినచో దాని రక్షణకు ప్రత్యేక ప్రణాళిక చూపవలసి యుండును. సభ ముగియునప్పుడు నమోదైన విషయములను తెలుగులో చదివి వినిపింతురు. మీ ప్రశ్న అందు చేరినదో లేదో అప్పుడే చూచుకొనుడు. ఆ కాగితము తరువాత మీ పంచాయతీ కార్యాలయములోనే అందఱికి కనబడునట్లు పెట్టవలసి యుండును.