ఏడోవాడి పక్కన ఎవరు?

పెళ్లయ్యాక శ్రీకాకుళం నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి సెక్టర్ 7 క్వార్టర్‌కి వచ్చాను. ఇక్కడి బడిలోనే ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. తెలుగు, ఛత్తీస్‌గఢీ, బెంగాలీ, మలయాళీ ఇళ్ల పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చునే ఊరిది. స్నేహం గురించి వాళ్ల దగ్గర నేర్చుకున్నవి కొత్త టీచర్ల కోసం రాస్తున్నాను.

1. చెడు సావాసం గురించి ఉపన్యాసం వద్దు. నేను ఏళ్ల తరబడి చెప్పాను. పిల్లలు బుద్ధిగా తలలూపేవారు. వెనక బెంచీలో గుట్కా పొట్లం చేతులు మారుతూనే ఉండేది.

2. గీతల ఆట ఆడించండి. 1951లో అమెరికాలో సోలమన్ ఆష్ అనే మనస్తత్వవేత్త చేసిన ప్రయోగమిది. ఒక అట్ట మీద ఒక గీత, ఇంకో అట్ట మీద పొడవు తేడాలతో మూడు గీతలు. మొదటి గీతతో సమానమైనది ఏదో చెప్పాలి. ఆరుగురిని ముందే పిలిచి, కావాలని తప్పు చెప్పమనాలి. ఏడోవాడికి ఈ సంగతి తెలియకూడదు. ఆష్ పరీక్షించినవాళ్లలో నలుగురికి ముగ్గురు కనీసం ఒక్కసారైనా తప్పుకే తలూపారు. మా ఎనిమిదో తరగతిలో లెక్కల్లో ముందుండే కుర్రాడు అట్టల వైపు చూశాడు, స్నేహితుల వైపు చూశాడు, గొణుగుతూ తప్పే చెప్పాడు. "సరైనది కనబడింది టీచర్, నవ్వుతారేమోనని..." అన్నాడు తర్వాత.

గుట్టు అక్కడికక్కడే విప్పేయండి. ఒకసారి గంట కొట్టేశారని మర్నాటికి వాయిదా వేశాను. ఆ రోజు ఏడో స్థానంలో ఉన్న పిల్ల రాత్రంతా ఏడ్చిందని వాళ్లమ్మ వచ్చి చెప్పింది. ఆ తప్పు నాదే.

3. గుట్టు తెలియని ఇంకో తరగతిలో అదే ఆట మళ్లీ ఆడించండి. ఈసారి ఆరుగురిలో ఒకరు నిజం చెప్పాలి. ఏడోవాడి గొంతు ఎలా లేస్తుందో వినండి! ఆష్ కూడా ఇదే చూశాడు: తోడు ఒక్కరున్నా తప్పుకు లొంగడం బాగా తగ్గిపోయింది. అందుకే పిల్లల్ని స్నేహాలకు దూరం చేయమనే తల్లిదండ్రులతో నేను ఏకీభవించను. గుంపును తట్టుకోవడానికి ఏడోవాడికి కావలసింది స్నేహితుడే.

4. కాదనడం అభినయం చేయించండి. పాన్ ఠేలా దగ్గర నలుగురు, చేతిలో సిగరెట్టు. గట్టిగా "వద్దు" అనాలని మొదట్లో పట్టుబట్టేదాన్ని. ఒకడు "మమ్మీ వాసన పట్టేస్తుంది యార్" అని తప్పుకున్నాడు. అందరూ దాన్నే ఎంచుకున్నారు. సాకు కూడా పనికొస్తుందని అప్పుడు ఒప్పుకున్నాను.

5. మితాన్ గురించి అడిగి రమ్మనండి. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో స్నేహాన్ని మాట ఇచ్చి కట్టుకుంటారు; అలా కట్టుకున్న స్నేహితుడే మితాన్. రాఖీ మర్నాడు భోజలి మొలకలు ఒకరి చెవి మీద ఒకరు ఉంచి మితాన్‌లైనవాళ్లు ఆ తర్వాత పేరు పెట్టి పిలుచుకోరు. కులమేదైనా రెండిళ్లూ చుట్టాలవుతాయి. తాతమ్మల మితాన్ ఎవరు, కష్టంలో ఏం చేశారు అని పిల్లలు రాసుకొచ్చిన రోజు తరగతిలో చప్పుడు లేదు.

6. విహారయాత్రలో పాత గుంపులే మళ్లీ చేరకుండా జట్లు చీటీలు తీసి కట్టండి. మేం మా ఊరి మైత్రీ బాగ్‌లో అలాగే చేసేవాళ్లం. భారత్-సోవియట్ స్నేహానికి గుర్తుగా 1972లో వెలిసిన తోట అది.

ఒక స్కెచ్ పెన్ను, రెండు అట్టముక్కలు చాలు. ఈ వారమే మీ తరగతిలో ఆ గీతలు గీయండి.