పాత మందుల కొట్టు నేర్పే పాఠం



మన పల్నాడు నుండి అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్ళి వచ్చే తల్లిదండ్రులు ఈ రోజుల్లో చాలామంది ఉన్నారు. వాషింగ్టన్ నగరం పక్కనే ఉన్న అలెగ్జాండ్రియాకు వెళ్ళేవారు అక్కడి పాత మందుల కొట్టును తప్పక చూడాలి.

1792లో ఎడ్వర్డ్ స్టాబ్లర్ ప్రారంభించిన ఆ వ్యాపారం 1933లో మూతబడింది. సీసాలు, సొరుగులు అలాగే ఉండటం వలన 1939లో దానిని మ్యూజియంగా తెరిచారు. మన పచారీ కొట్టులో లాగే అక్కడ మందులతోపాటు రంగులు, విత్తనాలు, కిటికీ అద్దాలు కూడా అమ్మేవారు. ఆ దేశపు తొలి అధ్యక్షుని భార్య మార్తా వాషింగ్టన్ 1802లో ఆముదం పంపమని రాయించిన చీటీ కూడా ఉంది.

ఆముదం మనకూ పాత చుట్టమే. అయితే పసిబిడ్డకు ఆముదం పట్టడం, ముక్కులో నూనె చుక్కలు వేయడం ప్రమాదకరం. ఏడ్చే బిడ్డకు నూనె పొరబోయి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. నీళ్ళు పొరబోతే వచ్చినంత దగ్గు నూనెకు రాదు కనుక తల్లికి తెలియదు. తరువాత ఆయాసం, న్యుమోనియా వస్తాయి.

అలాగే 19వ శతాబ్దంలో అమెరికా అంగళ్ళలో, పళ్ళు వచ్చే పిల్లలు ఏడవకుండా ఉండేందుకు ‘మిసెస్ విన్స్‌లో’ సిరప్ అమ్మేవారు. అందులో నల్లమందు నుండి తీసే మార్ఫిన్ ఉండేది. సీసా మీద ఆ సంగతి ఉండేది కాదు. నిద్రపోయిన పిల్లలు కొందరు మరి లేవలేదు. మార్ఫిన్ వంటివి ఉంటే లేబుల్ మీద తెలపాలని 1906లో అక్కడ చట్టం వచ్చింది.

ఇది పాత కథే అనుకోవద్దు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో కలుషితమైన దగ్గు సిరప్ తాగి 20 మందికి పైగా పిల్లలు చనిపోయారు.

గుర్తుంచుకోవలసినవి:

1. పసిపిల్లలకు నోట్లో గాని, ముక్కులో గాని నూనె వేయవద్దు.
2. 2 ఏళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వరాదు. 5 ఏళ్ళ లోపు వారికి డాక్టరు చెప్పనిదే ఇవ్వవద్దు.
3. పేరు, గడువు తేదీ కనబడని విడి మాత్రలు కొనవద్దు.
4. బిడ్డ ఎగశ్వాస పీలుస్తున్నా, డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగకపోయినా, మత్తుగా పడి ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఇంట్లో వాడిన మందు సీసాను కూడా వెంట తెచ్చి చూపించండి.

అమ్మమ్మల కాలం నుండి వాడుతున్నదైనా, కొట్టులో కొత్తగా కొన్నదైనా, అందులో ఏముందో తెలుసుకున్న తరువాతే బిడ్డ నోటికి అందించండి.