వాళ్లు తీసేసేలోగా మనమే మానేయాలా?

బ్రిటన్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మనవాళ్లకు ఏదో ఒక రోజు ఆఫీసు నుంచి ఆ మెయిల్ వస్తుంది. మీ పోస్టు 'ఎట్ రిస్క్'లో ఉంది, రిడండెన్సీ గురించి మాట్లాడాలి అని. ఆ రాత్రి నిద్ర పట్టదు. తెల్లారేసరికి చాలామంది ఒకే మాట దగ్గరికి వస్తారు: "తీసేశారనిపించుకోవడం ఎందుకు, నేనే పేపర్లు పెట్టేస్తే పోలా?"

ఈ ఆలోచన ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. మనలో చాలామంది హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో పనిచేసి వచ్చినవాళ్లం. అక్కడ హెచ్ఆర్ వాళ్లు గదిలోకి పిలిచి "మీరే రిజైన్ చేయండి, రిలీవింగ్ లెటర్ ఇచ్చేస్తాం" అంటే మారుమాట్లాడకుండా సంతకం పెట్టినవాళ్లను చూశాం. ఆ కాగితం లేకపోతే తర్వాతి ఉద్యోగానికి ఇబ్బంది. అలా రాజీనామా అంటే పరువు, తీసేయడమంటే మచ్చ అని మనసులో పాతుకుపోయింది.

ఇక్కడ ఆ భయం అక్కర్లేదు. ఉద్యోగం మానేటప్పుడు కంపెనీ ఇచ్చే కాగితం పీ45. అందులో మీ ఆఖరి రోజు, అప్పటిదాకా వచ్చిన జీతం, కట్టిన పన్ను ఉంటాయి. ఎందుకు మానేశారన్న ఊసే ఉండదు. రిడండెన్సీ అంటే చట్టం లెక్కలో ఆ పోస్టు అవసరం తీరిపోయిందని. మనిషి పనితనం మీద తీర్పు కాదు. ఇంటర్వ్యూలో ఆ మాట తలెత్తుకుని చెప్పొచ్చు.

పరువు సంగతి పక్కన పెడితే, తొందరపడి మానేసినందుకు పోయేది డబ్బు. ఒకే కంపెనీలో రెండేళ్లు నిండితే రిడండెన్సీ పరిహారం మీ హక్కు. 22 ఏళ్లలోపు వయసులో చేసిన ప్రతి సంవత్సరానికి అరవారం జీతం, 22 నుంచి 40 వరకు ఒక వారం, 41 నిండాక వారంన్నర. వారం జీతానికి పరిమితి ఉంది, 2025 ఏప్రిల్‌లో అది 719 పౌండ్లు. ఏటా ఏప్రిల్‌లో మారుస్తారు. ఆ లెక్కన నాలుగేళ్లు చేసిన ముప్పై ఏళ్ల మనిషికి 2,876 పౌండ్ల దాకా వస్తుంది. కంపెనీ తనంతట తాను ఇంకా కలిపి ఇవ్వొచ్చు. ఈ పరిహారంలో 30,000 పౌండ్ల వరకు పన్ను లేదు. రాజీనామా చేశారా, ఇదంతా వదులుకున్నట్టే.

నాకు తెలిసిన తమ్ముడొకడు ఇలాగే తొందరపడి మానేశాడు. 'ఎట్ రిస్క్' ఉత్తరాన్నే నోటీసు అనుకున్నాడు. అది నోటీసు కాదు. ఫలానా తేదీతో మీ ఉద్యోగం ముగుస్తుందని రాసిచ్చేదే నోటీసు. అది రాకముందు మనం వెళ్లిపోతే చట్టం దృష్టిలో మామూలు రాజీనామాయే. ఒకే చోట ఇరవై లేదా అంతకన్నా ఎక్కువ మందిని తీసేసేటప్పుడైతే సిబ్బందితో సంప్రదింపులు మొదలైన 30 రోజుల దాకా, వంద లేదా అంతకన్నా ఎక్కువ అయితే 45 రోజుల దాకా మొదటి మనిషిని కూడా పంపకూడదు. ఆ రోజుల్లో మీకు జీతం వస్తూనే ఉంటుంది.

మీ కాంట్రాక్టు కూడా ఒకసారి తీసి చదవండి. వీసా ఖర్చులు, ఇక్కడికి తీసుకొచ్చినప్పటి ఖర్చులు తిరిగి కట్టాలన్న షరతు రాజీనామాకే వర్తించేలా రాసి ఉండొచ్చు. స్పాన్సర్ చేసే కంపెనీ ప్రభుత్వానికి కట్టే ఇమిగ్రేషన్ స్కిల్స్ చార్జిని మాత్రం ఏ సందర్భంలోనూ మీ నుంచి వసూలు చేయకూడదు.

ఇక అందరినీ కుదిపేసేది వీసా. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవాళ్లు మానేసినా, తీసేసినా హోం ఆఫీసుకు ఒకటే. ఉద్యోగం ముగిశాక కంపెనీ పది పనిదినాల్లో ఆ సంగతి తెలియజేయాలి. ఆపైన వీసాను కుదిస్తూ హోం ఆఫీసు నుంచి సమాచారం వస్తుంది. మామూలుగా 60 రోజుల గడువు ఇస్తారు, వీసా అంతకన్నా ముందే అయిపోతుంటే ఆ తేదీ వరకే. మీ మీద ఆధారపడి వచ్చిన భార్య లేదా భర్త, పిల్లలు, అందరికీ అదే గడువు. అంటే రాజీనామా వల్ల వీసాకు ఒరిగేదేమీ లేదు, గడియారం ముందుగా మొదలవుతుంది, అంతే. నోటీసు పీరియడ్‌లో, గార్డెన్ లీవ్‌లో (జీతం ఇస్తూ పనికి రావద్దని ఇంట్లో ఉంచే కాలంలో) ఉన్నన్నాళ్లూ మీరు ఉద్యోగంలో ఉన్నట్టే. ఆ వారాలే మీకు ఆస్తి.

మరి ఎప్పుడు మానేయాలి? కొత్త కంపెనీ సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ చేతికొచ్చి, కొత్త వీసా మంజూరయ్యాక. నోటి మాట ఆఫరును నమ్మి కదలొద్దు. 2025 జూలై 22 నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకు కావాల్సిన సాధారణ కనీస జీతం పరిమితి 41,700 పౌండ్లకు పెరిగింది. మీ కేసులో ఏ పరిమితి వర్తిస్తుందో, కొత్త జీతం దాన్ని దాటుతుందో లేదో ముందే చూసుకోండి. దేశం లోపల నుంచి పెట్టిన దరఖాస్తుకు మామూలుగా ఎనిమిది వారాల దాకా పడుతుంది. అప్పటివరకు పాత ఉద్యోగం చేసుకోవచ్చు. రెండేళ్లు నిండనివాళ్లకు చట్టబద్ధమైన పరిహారం ఎలాగూ లేదు కాబట్టి, వీసా చేతికొస్తే ఆగాల్సిన పని లేదు. గ్రాడ్యుయేట్ వీసా మీద ఉన్నవాళ్లకైతే స్పాన్సరే లేడు, డబ్బు లెక్క ఒక్కటే చూసుకుంటే చాలు.

కొత్త కంపెనీవాళ్లు తొందరపెడుతుంటే ఒక దారి ఉంది. పాత కంపెనీ అసలు నోటీసు ఇచ్చాక, పరిహారం పోకుండా ముందుగా వదిలిపెట్టమని అడగండి. ఆ ఒప్పుకోలు మెయిల్లో రాయించుకోండి. స్వచ్ఛంద రిడండెన్సీకి పేర్లు అడిగితే అదీ ఆలోచించండి. దానికి పరిహారం వస్తుంది, అది రాజీనామా కిందికి రాదు. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేముందు ఉద్యోగ హక్కుల మీద సలహా ఇచ్చే ఏకాస్ సంస్థకు ఫోన్ చేయండి, సలహాకు డబ్బు తీసుకోరు.

ఇంకొకటి. కొత్త వీసాకు దరఖాస్తు పెట్టి నిర్ణయం రాకముందు ఇండియాకు టికెట్ కొనొద్దు. దేశం దాటితే ఆ దరఖాస్తును వెనక్కి తీసుకున్నట్టే పరిగణిస్తారు. ఇంటి దగ్గర అమ్మానాన్నలకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి, పండక్కి రాలేదని బెంగపెట్టుకోకుండా.