పట్టై కొనేముందు ఒక మాట

చక్కెర వ్యాధి ఉన్నవారు చాలామంది అడిగే మాట ఇది: "హకీమ్ సాబ్, రోజూ పరగడుపున ఒక చెంచా దాల్చిన చెక్క పొడి నీళ్లలో కలుపుకుని తాగుతున్నాను, మంచిదేనా?" మీ ఇంట్లో ఉన్నది ఏ చెక్క అని నేను ఎదురు అడుగుతాను.

కోయంబత్తూరు రంగై గౌడర్ వీధిలో గానీ, మదురై కీళమాసి వీధిలో గానీ ఊరికే "పట్టై" అంటే ఎక్కువగా ఇచ్చేది మందంగా, గట్టిగా, ముదురు రంగులో ఒకే పొరగా ఉండే చెక్క. అది చైనా, వియత్నాం, ఇండోనేషియా దేశాల నుంచి వచ్చే కాసియా. మా వైద్యంలో దాన్ని సలీఖా అంటాం. "సురుళ్ పట్టై" అని అడిగితే వచ్చేది దార్చీనీ. కాగితంలాంటి పలచని పొరలు చుట్టలో చుట్టగా ఉంటాయి, వేళ్ల మధ్య నలిపితే విరిగిపోతుంది. పాత హకీములు ఈ రెంటినీ కలిపేయలేదు. జవారిష్ జాలీనూస్‌లో రెండూ వేరువేరుగా పడతాయి.

తేడా రుచిలోనే కాదు. కాసియాలో కౌమరిన్ అనే పదార్థం ఎక్కువ. అది మితిమీరితే కొందరికి కాలేయం దెబ్బతింటుంది. యూరప్ శాస్త్రజ్ఞులు పెట్టిన హద్దు ప్రకారం, 60 కిలోల మనిషికి రోజుకు 6 మిల్లీగ్రాములు మించకూడదు. కాసియా పొడి ఒక చెంచా, అంటే సుమారు రెండున్నర గ్రాములు తింటేనే ఆ హద్దు దాటిపోవచ్చు. సురుళ్ పట్టైలో కౌమరిన్ నామమాత్రం.

మరి చక్కెర తగ్గుతుందా? 2003లో పాకిస్తాన్‌లో 60 మంది రోగులపై జరిగిన పరీక్షలో తగ్గిందన్నారు. వాడింది కాసియానే. తర్వాతి పరీక్షల ఫలితాలు ఒకదానితో ఒకటి కలవలేదు. 2012లో అన్నీ కలిపి చూసినవారు, వాడమని చెప్పడానికి ఆధారం చాలదన్నారు. కాబట్టి మాత్రలు మానేసి చెక్కను నమ్ముకోవద్దు.

సురుళ్ పట్టై అంత పలచగా ఎలా వస్తుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. మేట్టుపాళయం నుంచి కూనూరు ఎక్కే దారిలో బర్లియారు ప్రభుత్వ తోటలో లవంగం, జాజికాయలతో పాటు ఈ చెట్టూ పెరుగుతుంది. ఎప్పుడూ పచ్చగా ఉండే చెట్టు. ఆకు మీద నిలువునా మూడు ఈనెలు. నలిపితే లవంగం వాసన. పండిన గింజను వెంటనే నాటాలి, ఆలస్యమైతే మొలవదు. చెట్టును రెండు మూడేళ్లకు మొదట్లో నరికితే చుట్టూ పిలకలు వస్తాయి. అవి వేలి లావుకు రాగానే, వానలకు తొక్క వదులయ్యే రోజుల్లో కోసి, పైపొర గీకేసి, లోపలి పొరను ఒలిచి నీడన ఆరబెడతారు. దానంతట అదే చుట్టుకుంటుంది.

బిర్యానీలో వేసే ముక్కకు భయపడకండి. కిలో మాంసానికి రెండు అంగుళాలు చాలు, తినేటప్పుడు తీసి పక్కన పెడతాం కదా. దానికి కాసియా ఘాటే నప్పుతుందనేవారూ ఉన్నారు, నేను కాదనను. చాయ్‌కు, ఖీర్‌కు మాత్రం సురుళ్ పట్టై వేయండి. దార్చీనీ మిజాజ్ వేడి, పొడి. తిన్నది అరగక కడుపు ఉబ్బినప్పుడు అర అంగుళం ముక్క మరిగించి తాగితే హాయిగా ఉంటుంది.

పొడి పొట్లం కొనకండి, పొడిని చూసి ఏ చెక్కో చెప్పడం కష్టం. గర్భిణులు, కాలేయ వ్యాధి ఉన్నవారు, రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవారు మందుగా వాడవద్దు. నెలల తరబడి కాసియా పొడి చెంచాలతో తిన్నవారు ఇప్పుడే ఆపి, ఒకసారి కాలేయ పరీక్ష చేయించుకోండి.