సుగ్గికి పోయే ముందు

సంక్రాంతి దగ్గర పడుతుంది. కర్నూలు జిల్లా పడమటి ఊళ్లలో పనులు ఉండవు. వాన లేక చేను ఎండిపోతుంది. అప్పుడు ఇంటికి తాళం పడుతుంది. మూటలు కడతారు. లారీ ఎక్కుతారు. గుంటూరు, పల్నాడు వైపు మిరపకోతలకు పోతారు. దీన్నే సుగ్గికి పోవడం అంటారు.

మూటలో ఏమేమి ఉంటాయి? బియ్యం, జొన్నపిండి, గిన్నెలు, దుప్పట్లు ఉంటాయి. ఆధార్ కార్డు, రేషన్ కార్డు ఉంటాయి. మరి గర్భం రాకుండా వాడే మాత్రలు ఉన్నాయా? చాలామంది అవి మరిచిపోతారు.

ఊళ్లో ఉంటే ఆశక్క ఇంటికి వచ్చి మాత్రలు ఇస్తుంది. సుగ్గిలో ఆశక్క ఉండదు. చేను పక్కన గుడారం ఉంటుంది. తెల్లవారుజామున లేవాలి. చీకటి పడేదాకా కోయాలి. మాత్రలు అయిపోతాయి. కొత్త ఊళ్లో ఎవరిని అడగాలో తెలియదు. అడగడానికి సిగ్గు. మూడు నెలలు గడుస్తాయి. ఇంటికి తిరిగి వచ్చేసరికి మూడో నెల. అనుకోని గర్భం. అప్పుడు ఏడ్చి లాభం ఏముంది? ఆలోచన ముందే చేయాలి.

ఆపరేషన్ ఒక్కటే దారా?

మన దగ్గర కుటుంబ నియంత్రణ అంటే ఆడవాళ్ల ఆపరేషన్ అనే అనుకుంటారు. 2019-21లో దేశమంతా కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లు పది మందిలో ఇంచుమించు ఏడుగురు ఆపరేషన్ చేయించుకున్నారని అందులో తేలింది.

ఆపరేషన్ మంచిదే. కానీ అది ఇక పిల్లలు వద్దు అనుకున్నవారికి. ఇంకా పిల్లలు కావాలనుకునేవారు ఏం చేయాలి? కాన్పుకు కాన్పుకు మధ్య ఎడం కావాలనుకునేవారు ఏం చేయాలి? వారికి వేరే పద్ధతులు ఉన్నాయి. మాత్రలు ఉన్నాయి. సూదిమందు ఉంది. కాపర్-టి ఉంది. మగవారికి నిరోధ్ ఉంది. ఇవన్నీ సర్కారు దవాఖానాలో డబ్బు లేకుండా ఇస్తారు.

హార్మోను అంటే ఏమిటి?

మన ఒంట్లో కొన్ని రసాలు పుడతాయి. అవి రక్తంలో కలిసి పని చేస్తాయి. వాటిని హార్మోన్లు అంటారు. నెలసరి రావడం, గర్భం నిలవడం వాటి పనే.

మాలా-ఎన్ మాత్రలో, అంతర సూదిమందులో ఇలాంటి హార్మోను మందు ఉంటుంది. అది ఒంట్లో ఉన్నంత కాలం అండం విడుదల కాదు. అండం లేకపోతే గర్భం రాదు. మందు మానితే అండం మళ్లీ విడుదల అవుతుంది.

ఒకే ఇల్లు, మూడు దారులు

ఒక ఇంట్లో ముగ్గురు తోడికోడళ్లు ఉన్నారనుకోండి. ముగ్గురూ జనవరి 10న సుగ్గికి పోవాలి. ఏప్రిల్ 10కి తిరిగి రావాలి. అంటే 90 రోజులు. వారు ఎన్ని నెలల ముందు నర్సమ్మ దగ్గరికి పోవాలి? దసరా నాటికే పోతే మంచిది. కొత్త మందు ఒంటికి పడిందో లేదో ఊళ్లో ఉండగానే తెలుస్తుంది.

పెద్ద కోడలు అంది: "ముగ్గురికీ ఒకే మాత్ర ఇవ్వు నర్సమ్మా. ఒకరు మరిస్తే ఒకరు గుర్తు చేసుకుంటాం."

నర్సమ్మ నవ్వింది. "ముగ్గురికీ ఒకే కొలత రైక కుట్టిస్తారా తల్లీ? ఇదీ అంతే. ఎవరి ఒంటిని బట్టి వారికి" అంది. ముందు బీపీ చూసింది. తర్వాత ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడిగింది.

నడిపి కోడలు: రోజూ మాత్ర

ఆమెకు 26 ఏళ్లు. ఒక బిడ్డ. బిడ్డకు మూడేళ్లు. బీపీ బాగుంది. ఏ జబ్బూ లేదు. వచ్చే ఏడాది ఇంకో బిడ్డ కావాలి. ఆమెకు మాలా-ఎన్ కుదురుతుంది. మానిన వెంటనే గర్భం రావచ్చు.

ఒక ప్యాకెట్‌లో 28 మాత్రలు ఉంటాయి. 21 తెల్లవి. అవే గర్భాన్ని ఆపేవి. 7 ముదురు రంగువి. అవి ఐరన్ మాత్రలు. రక్తానికి మంచివి. నెలసరి వచ్చిన అయిదు రోజుల లోపు మొదలుపెట్టాలి. రోజుకు ఒకటి. రోజూ ఒకే వేళకు. రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే గుర్తుంటుంది. ఒక ప్యాకెట్ అయిన మర్నాడే కొత్తది మొదలుపెట్టాలి. మధ్యలో ఆపకూడదు.

మొదటి నెలల్లో కొందరికి వికారం ఉంటుంది. మధ్యలో కొద్దిగా రక్తం కనబడవచ్చు. సాధారణంగా అది తగ్గిపోతుంది. దానికి భయపడి మాత్ర మానకండి.

ఇప్పుడు లెక్క చూడండి. మూడు ప్యాకెట్లు అంటే 84 మాత్రలు. 90 రోజులకు చాలవు. నాలుగు ప్యాకెట్లు అంటే 112 మాత్రలు. కాబట్టి నాలుగు తీసుకుపోవాలి. పని పెరిగి పది రోజులు ఆగినా ఇబ్బంది ఉండదు.

చిన్న కోడలు: మూడు నెలల సూది

ఆమెకు 22 ఏళ్లు. బిడ్డకు రెండు నెలలు. పాలు ఇస్తోంది. కాన్పు అయి ఆరు నెలలు నిండకుండా పాలిచ్చే తల్లి మాలా-ఎన్ వాడకూడదు. ఆమెకు మూడేళ్ల ఎడం కావాలి. రోజూ మాత్ర వేసుకోవడం గుర్తుండదు అంది. ఆమెకు అంతర సూదిమందు కుదురుతుంది. కాన్పు అయిన ఆరు వారాల తర్వాత పాలిచ్చే తల్లులు ఇది వేయించుకోవచ్చు. 2017 నుంచి సర్కారు దవాఖానాల్లో దీన్ని ఇస్తున్నారు.

మూడు నెలలకు ఒక సూది. వేసిన చోట రుద్దకూడదు. కాపడం పెట్టకూడదు. సూదితో పాటు ఒక కార్డు ఇస్తారు. అందులో వచ్చే సూది తేదీ రాస్తారు.

చిన్న కోడలికి అక్టోబరు 8న మొదటి సూది పడింది. రెండోది జనవరి 8న పడింది. మూడోది ఏప్రిల్ 8న పడాలి. ఆ రోజుకు ఆమె ఇంకా సుగ్గిలోనే ఉంటుంది. అప్పుడు ఎలా? రెండు వారాల ముందు నుంచే సూది వేయించుకోవచ్చు. అంటే మార్చి 25 నుంచి వేయించుకోవచ్చు. అక్కడి సర్కారు దవాఖానాలో కార్డు చూపి అడగాలి. దొరక్కపోతే ఇంటికి రాగానే వేయించుకోవాలి. నాలుగు వారాల వరకు ఆలస్యం అయినా సూది వేస్తారు. కానీ అది ఆపద సమయానికే. దానికి అలవాటు పడకూడదు.

ఈ సూదితో నెలసరి మారుతుంది. మొదట రక్తం ఎప్పుడంటే అప్పుడు కనబడవచ్చు. తర్వాత నెలసరి ఆగిపోవచ్చు.

అత్త ఇది విని అడిగింది: "ముట్టు ఆగితే చెడ్డ రక్తం కడుపులో గడ్డ కట్టదా నర్సమ్మా?"

"లేదమ్మా. గర్భసంచి లోపల ప్రతి నెలా ఒక పొర పెరుగుతుంది. అది ఊడి వస్తేనే ముట్టు. ఈ మందుతో ఆ పొర మందంగా పెరగదు. పొరే లేనప్పుడు రక్తం ఎక్కడ నిలుస్తుంది? కుండలో నీళ్లే లేకపోతే ఏం కారుతుంది?" అంది నర్సమ్మ.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ సూది మానిన వెంటనే గర్భం రాదు. చివరి సూది తర్వాత ఏడు నుంచి పది నెలలు పట్టవచ్చు. అందుకే నడిపి కోడలికి నర్సమ్మ దీన్ని చెప్పలేదు.

పెద్ద కోడలు: వారపు మాత్ర

ఆమెకు 37 ఏళ్లు. ముగ్గురు పిల్లలు. బీడీ తాగే అలవాటు ఉంది. బీపీ 150/96 ఉంది. ఆమెకు మాలా-ఎన్ పనికిరాదు. 35 ఏళ్లు దాటి బీడీ, చుట్ట తాగేవారు ఆ మాత్ర వాడితే గుండెకు, మెదడుకు ముప్పు.

ఆమె ఆపరేషన్ ఇప్పుడు వద్దంది. నర్సమ్మ కాపర్-టి గురించి చెప్పింది. ఛాయ మాత్ర గురించి చెప్పింది. రెంటిలోనూ హార్మోను లేదు. పెద్ద కోడలు ఛాయ కావాలంది. ఈ మందును మన దేశంలోనే, లక్నోలో తయారు చేశారు.

మొదటి మూడు నెలలు వారానికి రెండు మాత్రలు. నెలసరి మొదటి రోజున మొదలుపెట్టాలి. ఆ రోజు ఆదివారం అయితే, ఆదివారం ఒకటి, బుధవారం ఒకటి. మూడు నెలల తర్వాత ఆదివారం ఒక్కటే. ఒక వేళ మాత్ర మరిస్తే గుర్తుకు రాగానే వేసుకోవాలి. వచ్చే నెలసరి దాకా నిరోధ్ కూడా వాడాలి. ఏడు రోజులు దాటిపోతే మళ్లీ మొదటి నుంచి వారానికి రెండు వేసుకోవాలి. ఈ మాత్రతో నెలసరి ఆలస్యం కావచ్చు. పదిహేను రోజులు దాటితే గర్భం పరీక్ష చేసుకోవాలి.

బీపీకి మందు కూడా రాసిచ్చారు. బీడీ మానమని నర్సమ్మ గట్టిగా చెప్పింది.

ఎవరు ముందుగా డాక్టరుకు చెప్పాలి?

బీపీ, గుండె జబ్బు, పక్షవాతం, కామెర్లు, రొమ్ములో గడ్డ ఉన్నవారు చెప్పాలి. కళ్లు మసకబారి వచ్చే తలనొప్పి ఉన్నవారు చెప్పాలి. టీబీ మందులు, ఫిట్సు మందులు వాడేవారు తప్పక చెప్పాలి. వాటిలో కొన్ని మందులు మాత్ర బలాన్ని తగ్గిస్తాయి.

ప్రయాణంలో జాగ్రత్తలు

మాత్రలు, కార్డు ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టండి. లారీ మీద వేసే మూటలో పెట్టకండి. మీ చేతి సంచిలో పెట్టండి. ఎండ, తడి తగలనివ్వకండి. పిల్లలకు అందనివ్వకండి. ప్యాకెట్ మీద గడువు తేదీ చదవండి. గడువు దాటితే వాడకండి.

మిరపకాయలు కోసిన చేతులు సబ్బుతో కడుక్కొని మాత్ర తీయండి.

మాలా-ఎన్ ఒక రోజు మరిస్తే, గుర్తుకు రాగానే వేసుకోండి. ఆనాటి మాత్ర మామూలు వేళకే వేసుకోండి. ఒకే రోజు రెండు పడినా భయం లేదు.

తెల్ల మాత్రలు రెండు రోజులు, అంతకన్నా ఎక్కువ మరిస్తే, ఒకటి వెంటనే వేసుకోండి. తర్వాత రోజుకు ఒకటి వేసుకోండి. ఏడు రోజులు నిరోధ్ వాడాలి. ప్యాకెట్‌లో తెల్ల మాత్రలు ఏడు కన్నా తక్కువ మిగిలితే, అవి అయ్యాక ఐరన్ మాత్రలు వదిలేయండి. వెంటనే కొత్త ప్యాకెట్ మొదలుపెట్టండి.

మాత్ర వేసుకున్న మూడు గంటల లోపు వాంతి అయితే ఇంకొకటి వేసుకోండి. రెండు రోజులకు మించి వాంతులు, విరేచనాలు ఉంటే మాత్ర మరిచినట్టే లెక్క.

ఏ రక్షణా లేకుండా కలిస్తే ఈజీ పిల్ అనే మాత్ర ఉంది. 72 గంటల లోపు వేసుకోవాలి. ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. ఇది ఆపదకే గాని రోజూ వాడేది కాదు.

తిరుపతి పోయేటప్పుడు, పండుగలప్పుడు కొందరు నెలసరి వాయిదా మాత్రలు కొంటారు. అవి గర్భాన్ని ఆపుతాయని నమ్మకండి. డాక్టరును అడగకుండా వాడకండి.

మాత్రలు, సూదిమందు సుఖరోగాలను, హెచ్ఐవీని ఆపవు. వాటిని ఆపేది నిరోధ్ ఒక్కటే.

ఇవి కనబడితే ఆగవద్దు

మాత్రలు వాడేటప్పుడు ఛాతీలో నొప్పి, ఆయాసం, భరించలేని తలనొప్పి, చూపు మసకబారడం, పిక్క వాచి నొప్పి పుట్టడం, గట్టి కడుపునొప్పి వస్తే వెంటనే దవాఖానాకు పోవాలి. 108కి ఫోన్ చేయాలి. కూలి పోతుందని ఆగకూడదు.

నెలసరి తప్పితే ఆశక్కను నిశ్చయ్ కిట్ అడగండి. ఇంట్లోనే గర్భం పరీక్ష చేసుకోవచ్చు. గర్భం అని తేలితే డాక్టరు దగ్గరికే పోండి. దుకాణంలో మాత్రలు కొని మింగకండి. రక్తం ఆగక ప్రాణం మీదికి వస్తుంది.

ఒళ్లు ఎవరిది?

భర్తతో మాట్లాడండి. అత్తతో మాట్లాడండి. నర్సమ్మ సలహా వినండి. కానీ ఒంటికి పడాల్సింది మీకు. బిడ్డను మోయాల్సింది మీరు. అందుకే ఏ పద్ధతి కావాలో మీరు చెప్పాలి. పడకపోతే మార్చమని అడగండి. అది మీ హక్కు. ఆడవాళ్లకే కాదు, మగవాళ్లకూ బాధ్యత ఉంది. నిరోధ్ ఉంది. మగవాళ్లకు చిన్న ఆపరేషన్ ఉంది. కోత, కుట్టు లేకుండా చేస్తారు.

తోడికోడళ్లు ముగ్గురూ మూడు పద్ధతులు ఎంచుకున్నారు. ముగ్గురూ తేదీలు చదివారు. మాత్రలు లెక్క పెట్టుకున్నారు. చదువు వచ్చినందుకు ఇది ఒక మంచి ఫలం.

మాటలు – అర్థాలు

ఎడం = మధ్య ఉండే దూరం, గడువు
విడుదల = బయటికి రావడం
ఐరన్ మాత్ర = రక్తం పెరగడానికి వేసుకునే మాత్ర
వికారం = వాంతి వచ్చేలా ఉండడం

చెప్పండి, రాయండి

1. పెద్ద కోడలికి మాలా-ఎన్ ఎందుకు పనికిరాదు?
2. 60 రోజులు ఊరు విడిచి పోతే ఎన్ని ప్యాకెట్లు కావాలి?
3. ఫిబ్రవరి 15న అంతర సూది పడింది. వచ్చే సూది ఏ తేదీన?
4. మీ వాడలో సుగ్గికి పోయేవారు ఎవరు? ఈ పాఠం వారికి చదివి వినిపించండి.