గణకయంత్రములందు గ్రంథరక్షణము: పాత పద్ధతియా, క్రొత్త పద్ధతియా?

గతవత్సరము మన పాఠశాల కార్యాలయమునకు ఒక వృద్ధుడు వచ్చి, తాను బాల్యమున ఇచ్చటనే చదివితినని చెప్పి, తన పుట్టినతేదికి నిదర్శనపత్రము కోరెను. ప్రవేశపుస్తకములోని ఆ పుటను చెదలు తినివేసియుండెను. అయినను ఆ పుస్తకముల ఛాయాచిత్రములను కొన్నియేండ్ల క్రిందటనే కంప్యూటరునందు భద్రపరచియుంటిమి గదా యని ధైర్యముతో తెరచి చూచితిమి. పుటలో పైసగము స్పష్టముగా నుండెను. క్రిందిసగమున బూడిదరంగు చారలు తప్ప మరేమియు లేదు. ఆయన పేరు ఆ క్రిందిసగములోనిది. రెండవ డిస్కునందలి ప్రతిలోను అదే లోపము కానవచ్చెను; ఏలయనగా, చెడిన పిమ్మట తీసిన ప్రతియే అది. ఇన్నాళ్లలో ఆ యంత్రము ఒక్కమారైనను మమ్ము హెచ్చరింపలేదు.

ఇది ఎట్లు సంభవించెను? ఇకమీదట సంభవింపకుండ ఏ పద్ధతి నవలంబింపవలెను? ఈ రెండు ప్రశ్నలను విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలియునట్లు విచారింతము.

డిస్కు అనునది లెక్కకు మిక్కిలియైన చిన్న గదులు గల కొట్టు వంటిది. ఏ ఫైలు ఏయే గదులలో నున్నదో తెలిపెడి ఏర్పాటునకే ఫైల్ సిస్టమ్ అని పేరు. 1969లో అమెరికాలోని బెల్ లాబొరేటరీలలో కెన్ థామ్సన్, డెన్నిస్ రిచ్చీ మున్నగువారు ఆరంభించిన యూనిక్సు నందు ఈ ఏర్పాటు మన హాజరుపట్టీని పోలియుండును. ఫైలు పేరు ఒకచోట నుండును. ఆ పేరునకు ఎదురుగా ఒక సంఖ్య యుండును. ఆ సంఖ్యగల పత్రమునకు ఐనోడ్ అని పేరు. ఫైలు ఎవరిది, ఎంత పెద్దది, ఎప్పుడు మారినది, ఏ గదులలో నున్నది అను సంగతులు అందుండును. 1991లో లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సు సైతము ఈ త్రోవనే నడచెను. 1993లో వచ్చిన ఎక్స్‌ట్2 ఈ విధమైనదే.

ఈ ఏర్పాటునకు గల శత్రువు కరెంటు పోవుట. వ్రాత సగమున నుండగా కరెంటు పోయిన యెడల పట్టిక యొకటి చెప్పును, గదులలో మరియొకటి యుండును. అప్పుడు యంత్రము తిరిగి లేచునపుడు డిస్కునంతయు వెదకి సరిచూడవలసి వచ్చెడిది. డిస్కులు పెద్దవగుకొలది ఈ పరీక్ష మిక్కిలి ఆలస్యమయ్యెను. దీనికి కనుగొన్న ఉపాయమును మన వర్తకు లెన్నడో యెరుగుదురు. వారు బేరమును మొదట చిట్టాలో వ్రాసి, పిమ్మట ఆవర్జాలో ఎక్కింతురు. నడుమ ఆటంకము కలిగినచో చిట్టాను చూచి సరిచేసికొందురు. 2001లో లినక్సున చేరిన ఎక్స్‌ట్3 ఇట్టి చిట్టా గలది. 2008లో స్థిరపడిన ఎక్స్‌ట్4 దాని వారసురాలు. నేటికిని లెక్కలేనన్ని యంత్రములు దీనిమీదనే నడచుచున్నవి.

అయితే ఈ చిట్టాలో సాధారణముగా వ్రాయబడునది పట్టికలలోని మార్పు మాత్రమే గాని ఫైలులోని విషయము కాదు. 2012 నుండి ఎక్స్‌ట్4 తన పట్టికలకు సరిచూపు సంఖ్యల నుంచుకొనగలదు. కాని గదిలోని సరకు కాలక్రమమున చెడినచో దానిని గుర్తింపజాలదు. మన పుటకు పట్టిన గతి యిట్టిదే. పట్టిక సరిగానే యుండెను, సరకే చెడెను.

క్రొత్త పద్ధతులు ఇచ్చటనే భేదించును. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో జెఫ్ బాన్విక్, మాథ్యూ ఆరెన్స్ మున్నగువారు 2001లో ఆరంభించిన జడ్‌ఎఫ్‌ఎస్ 2005లో బహిరంగపరుపబడెను. క్రిస్ మేసన్ 2007లో ఆరంభించిన బీటీఆర్‌ఎఫ్‌ఎస్ 2009లో లినక్సున చేరెను. వీనియందు ముఖ్యలక్షణములు రెండు. మొదటిది, పాత వ్రాతపై క్రొత్తది వ్రాయకుండుట. మార్పును వేరొక గదిలో పూర్తిగా వ్రాసి, పిమ్మటనే పట్టికను మార్చును. కావున నడుమ కరెంటు పోయినను పాతది చెక్కుచెదరదు. కావలెనన్న నిన్నటి స్థితిని అట్లే నిలిపి యుంచుకొనవచ్చును. రెండవది, విషయమునకు సైతము సరిచూపు సంఖ్యను వ్రాసికొని, చదివినప్పుడెల్ల తిరిగి లెక్కించి పోల్చి చూచుట.

ఈ రెండవదానిని మన తెలుగు విద్యార్థులు సులభముగ గ్రహింపగలరు. ఉత్పలమాలలో పాదమునకు 20 అక్షరములు. యతి 10వ అక్షరమున నుండును. ప్రాస రెండవ అక్షరము. వ్రాయసగాడు ఒక అక్షరమును జారవిడిచిన యెడల గణము చెడును. చదువువాడు వెంటనే తప్పును పట్టుకొనును. కాని తప్పున్నదని తెలిసినంతమాత్రమున ఒప్పు ఏదియో తెలియదు. దానికి మరియొక ప్రతి కావలెను. 1820లో కడపకు వచ్చిన సి. పి. బ్రౌను ఒక్కొక్క గ్రంథమునకు పెక్కు వ్రాతప్రతులను కూర్చి, పండితులచే సరిపోల్పించుట యిందులకే. అట్లే జడ్‌ఎఫ్‌ఎస్ గాని బీటీఆర్‌ఎఫ్‌ఎస్ గాని ఒకే డిస్కుపై ఒకే ప్రతి యున్నచో దోషమును చెప్పును గాని దిద్దలేదు. రెండు డిస్కులపై రెండు ప్రతులున్నచో మంచిదానిని చూచి చెడ్డదానిని తానే దిద్దును.

అట్లయిన క్రొత్తదానినే అంతట వాడరాదా యని కొందరడుగవచ్చును. దానికిని కష్టములు గలవు. జడ్‌ఎఫ్‌ఎస్ యొక్క అనుమతిపత్రపు నియమములు లినక్సు నియమములతో పొసగనందున, దానిని లినక్సునకు వేరుగా తెచ్చి చేర్చవలెను. ఆ చేర్పును ఎల్లప్పుడు కనిపెట్టియుండవలెను. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ విషయమున పెద్దలలోనే అభిప్రాయభేదము గలదు: రెడ్ హ్యాట్ సంస్థ తన 2019 నాటి 8వ కూర్పున దానిని విడిచిపెట్టెను, ఫెడోరా 2020లో తన డెస్క్‌టాప్ కూర్పునకు దానినే స్వీకరించెను. మాటిమాటికి మారెడి పెద్ద ఫైళ్లు ఈ పద్ధతులలో తునకలుతునకలై నెమ్మదించును. పాతదియో, సరళమైనది, తేలికయైనది. చెడినప్పుడు బాగుచేయ నెరిగినవారు ఎల్లయెడల దొరకుదురు.

కావున మేము ఈ విధముగా నిశ్చయించితిమి. విద్యార్థులు అభ్యాసము చేయు యంత్రములలో ఒక్కటే డిస్కు గలదు. అందలి పని పోయినను తిరిగి చేసికొనవచ్చును. వానికి ఎక్స్‌ట్4 చాలును. ప్రవేశపుస్తకములు, పాత సంచికలు నుంచు యంత్రమునకు రెండు డిస్కులను అమర్చి జడ్‌ఎఫ్‌ఎస్ నుంచితిమి. నెలకొకసారి అంతటిని చదివించి సరిచూచుచున్నాము.

ఇంతటితో నిశ్చింతగా నుండరాదు. రెండు డిస్కులును ఒకే పెట్టెలో నున్నవి. అగ్ని, పిడుగు, దొంగ వచ్చినచో రెండును పోవును. మన తిరుమలలో తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి కోవెలలోని భాండాగారమున నుంచిరి. రాగి చెదలుపట్టనిది, అంతకంటె గట్టి సాధనము లేదనవచ్చును. అయినను ఆయన రచించినవి 32,000 అని ప్రతీతి కాగా, నేటికి లభించినవి 12,000 పైచిలుకు మాత్రమే. సాధనము ఎంత దృఢమైనను ప్రత్యంతరము లేనిచో నష్టమునకు మందు లేదు. కావున మూడవ ప్రతిని వేరొక యూర తాళమువేసి యుంచితిమి. ఏటేట దానిని తెరచి చదివి చూడ నిర్ణయించితిమి.

ఆ వృద్ధునకు మాత్రము మేము పత్రము నీయలేకపోతిమి. విద్యార్థులారా, మీ యింట తాతముత్తాతల పత్రములు, ఛాయాచిత్రములు కంప్యూటరునందు గాని ఫోనునందు గాని యుండవచ్చును. అవి యున్నవని నమ్మి యూరకుండక, నేడే తెరచి చివరివరకు చూడుడు. కాగితము ఇంకను మిగిలియుండగనే చూచుట మేలు.