కాంతిమార్గములందు సమాచారము తెగకుండ వెడల్పు మార్చుట

నేడు దూరదేశములకు బోవు మాటలును, చిత్రములును, లెక్కలును గాజుపోగులలో కాంతిరూపమున ప్రయాణించుచున్నవి. రెండు పట్టణముల నడుమ నేర్పడిన మార్గము ఉదయమున చాలినను సాయంకాలమునకు చాలకపోవచ్చును. దానిని తెంచి పెద్దదానిని మరల గట్టినయెడల నడిమి క్షణములందలి సమాచారము నష్టమగును. ఆ క్షణముననే యొక రోగియొక్క ఎక్సురే చిత్రము వైద్యునికి బోవుచుండవచ్చును. కావున తెంచకయే మార్చు విధమును మన మెరుగుట యవసరము.

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ వారు పరిమాణము మార్చుకొనగల "ఓడీయూ ఫ్లెక్స్" అను మార్గమును 2009లో తమ ప్రమాణములందు జేర్చిరి. దానిని తెంపులేకుండ పెంచి తగ్గించు పద్ధతిని 2011లో జి.7044 అను ప్రమాణమున నిర్ణయించిరి. సెకనుకు సుమారు 100 గిగాబిట్లు మోయు కాంతిమార్గమున 80 గడులుండును. గడి యొక్కంటికి సుమారు 1.25 గిగాబిట్లు.

4 గడుల మార్గమును 8 గడులు చేయవలెననుకొందము. మొదట ప్రతి మజిలీయు తన పొరుగు మజిలీని "నాలుగు గడులు ఖాళీగా నున్నవా?" యని యడుగును. ఇల్లు కట్టదలచినవాడు ముందుగా వ్యయమును లెక్కించుకొనునట్లే యిదియు. ఒక్కచోట లేదన్నను పెంపు జరుగదు. పాత మార్గము మాత్రము యథాప్రకారము నడచుచుండును. అందరు నొప్పుకొనినచో గడులు చేరును. పిమ్మట మార్గమంతయు కూడుకొనినదని తెలుపు సంకేతము మజిలీ వెంట మజిలీగా కడవరకు బోవును. అటుతరువాతనే వేగము మెల్లమెల్లగా హెచ్చును. ఒక్కుమ్మడి హెచ్చినయెడల నడిమి మజిలీలందలి చిన్న నిలువలు పొంగిపొరలును.

తగ్గించునపుడు క్రమము తిరుగబడును. ముందు వేగము మెల్లగా దిగును. పిదప గడులు విడుదలయగును. కాలువకు నీరు హెచ్చుగా వదలకముందే కడవరకు త్రవ్వవలెను. గట్టు లోనికి జరుపకముందే నీరు తగ్గింపవలెను.

అయితే త్రోవలోని ప్రతి యంత్రమును ఈ పద్ధతి నెరిగియుండవలెను. ఒక్కటి యెరుగకున్నను మిగిలినవారి నేర్పు వ్యర్థము. మార్గమును తెంచి మరల గట్టక తప్పదు. సమూహముగా పనిచేయు వారందరికి నిది మంచి పాఠము.

8 గడులనుండి 4 గడులకు దిగునపుడు వేగము తగ్గింపక ముందే గడులను దీసివేసినచో, ఆ రోగి చిత్రమున కేమి సంభవించునో విద్యార్థులు యోచించి వ్రాయుదురు గాక.